మీసాల యాప్, ఖజానా తాళం

పూర్వం ఓ రాజుగారికి, నమ్మినా నమ్మకపోయినా, సెల్‌ఫోన్ ఉండేది. ఓ పొద్దున ముక్కూమొహం తెలియనివాడెవడో, మీసాలు మెలితిప్పి చూపించే యాప్ దించుకోమని మెసేజీ పెట్టాడు. ఫొటోలూ, మెసేజీలూ, చుట్టాల నంబర్లూ అన్నీ తనకి చూపించాలట.

"ఓస్, చూసుకోనీ!" అన్నారు రాజుగారు.

"వద్దు ప్రభూ," అంది వాకిలి కాసే సన్యాసమ్మ.

"ఫోను సంగతి నీకేం తెలుసే? ఇంకో మాటన్నావంటే కొలువు ఊడుతుంది!"

రాజుగారు కళ్ళజోడు వెతుక్కునేలోగా సన్యాసమ్మ దారినపోయే దువ్వెనలాయన్ని లాక్కొచ్చింది.

"ఈయన మీ మీసాలు ఊరికే దువ్వుతాడట ప్రభూ. ఖజానా తాళం, రాణిగారి ఉత్తరాల పెట్టె తాళం మాత్రం ముందే ఇచ్చేయాలట."

"మీసాలకి ఖజానా తాళమెందుకే? తరిమెయ్!"

"ఈయన్ని నేను తరుముతాను. మీ చేతిలో ఉన్నవాణ్ణి మీరే తరమాలి."

నొక్కబోయిన వేలితో రాజుగారు మీసం గోక్కున్నారు. ఆనక ఆ మెసేజీ చెరిపేసి, దువ్వెన ఒకటి కొనుక్కున్నారు.