పోటుపాటుల పట్టిక ఎప్పటికవుతుంది?

పున్నమికల్లా పట్టిక మీ చేతిలో పెడతానని పడవవాళ్ళకు మాటిచ్చేశాడు శిష్యుడు సోమదత్తుడు. పున్నమి రేపే. పట్టిక పూర్తికాలేదు.

ఏం పట్టికంటారా? సముద్రానికి పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఏడాది పొడుగునా చెప్పే పట్టిక. అంత లెక్క ఒక్కరివల్ల అయ్యేదా? అందుకని గురువు అనంతయోగి దాన్ని వంద తాటాకులుగా విడగొట్టి, చుట్టుపక్కల లెక్కలొచ్చిన వాళ్ళకల్లా పంచారు. ఎవరి పనులయ్యాక వాళ్ళు తీరిగ్గా వేసిపెట్టాలి. కూలీ లేదు, బలవంతమూ లేదు. ఒక్కో ఆకు ఇద్దరికి. ఇద్దరి జవాబూ కలిస్తేనే అది అయినట్టు.

మొదటి పదిరోజుల్లో ఎనభై అయిపోయాయి. రోజుకు ఎనిమిది, ఇంకో మూడు రోజులు చాలనుకుని మురిసిపోయాడు మనవాడు. పున్నమికి రెండు వారాలుంది కదా అని ధైర్యంగా మాటిచ్చాడు. ఆ రెండు వారాల్లో అయినవి పదమూడే.

"స్వామీ, నా పరువు పోతుంది. మిగతా ఏడూ ఆ నత్తల దగ్గర్నించి లాక్కొచ్చి నేనే వేసేస్తాను."

"ముందు భోజనానికి పద" అన్నారు గురువు.

పంక్తిలో నలభైమంది. కాసేపటికి ముప్ఫైతొమ్మిది విస్తళ్ళు ఖాళీ.

"పంక్తి ఎప్పుడు లేస్తుందోయ్?"

చివరన పళ్ళులేని గవరయ్య తాత ఒక్కో ముద్దా బుగ్గలో తిప్పుతున్నాడు. అందరూ ముగించాకే లేవడం అక్కడి మర్యాద. పట్టికలో మిగిలిన ఏడు తాటాకుల్లో మూడు ఆయన దగ్గరే ఉన్నాయి.

"తాత ముగించాక, స్వామీ."

"మిగతావాళ్ళు ఎంత గబగబా తిన్నారో చూశావుగా. దాన్నిబట్టి చెప్పు."

సోమదత్తుడు ఖాళీ విస్తళ్ళను వదిలి తాత విస్తరికేసి చూశాడు.

తాతకు మొహమాటమేసింది. "నాకోసం ఆగారే అందరూ. లేచిపోతాలెండి."

గురువు వడ్డించేవాళ్ళకేసి చూసి, "నాకింకొంచెం మజ్జిగన్నం" అన్నారు. పక్కాయన "నాకూ" అన్నాడు. ఆ పక్కాయనా అన్నాడు. పంక్తంతా నవ్వు. తాత మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.

సాయంత్రం పడవవాళ్ళ పెద్ద నూకరాజు వచ్చాడు. "ఏమయ్యా, పట్టిక ఏది?"

"తొంభై మూడు అయ్యాయి. ఏడు ఎప్పుడవుతాయో తెలీదు. ఎవరి దగ్గరున్నాయో తెలుసు. గవరయ్య తాత దగ్గర మూడు, మంత్రసాని సుబ్బరత్నమ్మ దగ్గర నాలుగు."

నూకరాజు తల గోక్కున్నాడు. "ఆవిడ మూడ్రోజులుగా మా ఇంట్లోనే ఉందయ్యా. మా కోడలికి నొప్పులు. మేమే కదలనివ్వలేదు."

ఎప్పటికవుతుందని అడగబోయి, ఆగి, నవ్వేశాడు సోమదత్తుడు. గొడ్డలి భుజాన వేసుకున్నాడు.

"వేణ్ణీళ్ళకు కట్టెలు కావాలేమో. పదండి."