గరిటె పెట్టని పులుసు

ఆ కల వచ్చిన రోజున పెద్దిరాజుకి నోరు పులుపెక్కి మెలకువ వచ్చేది.

కలలో ఇల్లు కొల్లేటి నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. అమ్మ తామరాకు పరిచి, వేడన్నం పెట్టి, చేపల పులుసు పోస్తుంది. ఇంకో ముక్క వెయ్యనా అంటుంది. వద్దనడం అతని వల్ల కాదు. తింటాడు, వేళ్లు నాక్కుంటాడు, ఆనక చాప మీద లేచి కూర్చుని కళ్లు తుడుచుకుంటాడు.

చేప మానెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంటికి చుట్టాలొస్తున్నారని ఒకసారి తండ్రి కొర్రమీను పట్టుకొచ్చి నీళ్ల బానలో వదిలాడు. పిల్లి రాకుండా చూస్తుండరా అంది అమ్మ. గాలి కోసం అది పైకొచ్చి నోరు తెరిచినప్పుడల్లా పెద్దిరాజు వంగి చూసేవాడు. పొద్దువాలేసరికి, తను వంగగానే అది పైకొస్తోందని తోచింది. నిజమో, అతని పిచ్చో. మర్నాడు దాని ముక్క విస్తట్లో పడింది. ముద్ద గొంతు దిగలేదు. ఆ తరవాత ఇంకెప్పుడూ దిగలేదు.

"నా చేతి కూడు అంత పాపమైపోయిందేంట్రా?" అంది అమ్మ.

ఆ మాటకి జవాబు చెప్పలేకే అతను పడవెక్కాడు. కొల్లేరు అవతల ఒక దిబ్బ మీద భోగలింగం గారి మఠం ఉంది. అక్కడ చేరాడు.

భోగలింగం గారు గంటల తరబడి ఉపన్యాసాలిచ్చే గురువు కాదు. పెరట్లో పాదులు చేసుకుంటూ, పిట్టలకి నూకలు చల్లుకుంటూ ఉండే ముసలాయన. చేపలు పట్టే ఇంట పుట్టి నీచు వదిలేశాడని తోటి శిష్యులు పెద్దిరాజుని తెగ మెచ్చుకునేవాళ్లు. వాళ్లు మెచ్చుకున్నకొద్దీ అతను సిగ్గుతో చితికిపోయేవాడు. పగలంతా మానేసి నిద్రలో లొట్టలేసుకుంటూ తినేవాణ్ణి ఏమనాలి?

ఒకనాడు ఇంక ఉండబట్టలేక, తెల్లవారగానే గురువు ముందు నిలబడ్డాడు. ఆ పొద్దున మంచు దిబ్బనంతా కమ్మేసింది. నేల ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. నీటికోళ్లు ఎటు నుంచి అరుస్తున్నాయో కూడా తెలియడం లేదు.

"నేనెల్లిపోతానండి. నేను దొంగనండి. రాత్రి కూడా తిన్నానండి."

"ఎక్కడ?"

"కల్లోనండి."

భోగలింగం గారు నవ్వలేదు. "బాగుందా?"

పెద్దిరాజు తల దించుకున్నాడు. "బావుందండి."

ఆయన చేతిలో మిగిలిన నూకలు నేల మీద చల్లారు. పెద్దిరాజే మళ్లీ అన్నాడు. "ఇన్నాళ్లయినా ఆశ సావలేదంటే, నేను మానడం ఉత్తుత్తిదే కదండీ. ఇంకా మీ పంచన కూచుని ఎందుకండి ఈ ఏసం?"

"పడవ వచ్చేదాకా ఎలాగూ ఉంటావు. ఆ కల్లో పులుసు కాచిపెట్టి వెళ్లు," అన్నారాయన. "చేప వద్దు. పెరట్లో ములక్కాడలున్నాయి, కోసుకురా."

పెద్దిరాజు పొయ్యి రాజేశాడు. చింతపండు పిసికాడు. ఉల్లిపాయలు దంచి వేయించాడు. మెంతుల వాసన లేచేసరికి ఇది మఠమో, ఇల్లో తెలియలేదు. పొగా మంచూ కలిసిపోయాయి, వాటి వెనకాల అమ్మ కూర్చుని ఉన్నట్టే ఉంది. పులుసు కుతకుతలాడింది. అతను గుడ్డలతో దాక అంచులు పట్టుకుని పైకెత్తి, ఉయ్యాల్లో పిల్లని ఊపినట్టు మెల్లగా తిప్పి, మళ్లీ పొయ్యి మీద పెట్టాడు. కాసేపాగి మళ్లీ తిప్పాడు.

భోగలింగం గారు గోడకున్న గరిటె తీశారు. వచ్చి దాకలో పెట్టబోయారు.

"పెట్టకండి!" పెద్దిరాజు ఆయన మణికట్టు పట్టేసుకున్నాడు. "సిదిరిపోతాయండి!"

గురువు చెయ్యి పట్టుకుని ఆపినవాడు ఆ మఠంలో అంతవరకూ లేడు. ఆయన చెయ్యి విడిపించుకోలేదు.

"ఏంట్రా చిదిరిపోయేది?"

పెద్దిరాజు దాకలోకి చూశాడు. ములక్కాడ ముక్కలు. గరిటె కాదు గదా, కవ్వం పెట్టి చిలికినా వాటికేమీ కాదు.

"అలవాటండి," అన్నాడు చెయ్యి వదిలేసి. "మా అమ్మ గరిటె పెట్టనిచ్చేది కాదండి, ముక్క సిదిరిపోద్దని."

"చిదిరితే రుచి పోతుందా?"

"రుచికి కాదండి. మా అమ్మ..." పొయ్యిలోంచి కట్టె ఒకటి వెనక్కి లాగాడు. "ఎలాగా సంపుకున్నాం, ఇంకా నలపడం దేనికిరా, అనేదండి."

చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే. ఇవాళ తన నోటంట వచ్చేసరికి పొయ్యి దగ్గరే చతికిలబడ్డాడు. ఇన్నాళ్లూ అమ్మని కాదని వచ్చేశాననుకున్నాడు. ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

భోగలింగం గారు గరిటె తీసుకెళ్లి గోడకి తగిలించేశారు. ఆయనే విస్తళ్లు పరిచి అన్నం పెట్టారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన ములక్కాడ నమిలి పిప్పి పక్కన పెట్టి, పులుసు ఇంకాస్త పోయించుకున్నారు.

మంచులోంచి పడవవాడి కేక వినపడింది. "ఎవరన్నా వస్తున్నారా అండీ?"

పెద్దిరాజు లేవలేదు. పడవవాడు ఇంకోసారి పిలిచి చూసి, గెడ వేసుకుంటూ వెళ్లిపోయాడు. నీళ్ల చప్పుడు మెల్లగా సద్దుమణిగింది.

పెద్దిరాజు విస్తట్లో మిగిలిన పులుసు వేళ్లతో ఊడ్చుకుంటూ అడిగాడు. "గురువుగారూ, ఆ కల మళ్లీ వత్తేనండి?"

"వస్తుంది." ఆయన అన్నంలో మజ్జిగ పోసుకున్నారు. "అమ్మ వడ్డిస్తుంటే విస్తరి ముందు నుంచి లేవకూడదురా. కడుపునిండా తినేసి, పొద్దున్నే వంటకి రా."