స్వామివారి ఆజ్ఞ, పోతులయ్య డప్పు

మా వైపు ఒకప్పుడు ఒక రాజుగారు ఉండేవారు. సొంత ఆలోచన తప్ప ఆయనకు అన్నీ ఉండేవి. ఒక స్వామివారు పల్లకీలో వచ్చి, "నాగలి పట్టిన నాడే మనిషి చెడిపోయాడు. పనిముట్లన్నీ తగలబెట్టిస్తే జనం అడవిలో దుంపలు తిని సుఖపడతారు" అన్నారు. రాజుగారు సరేనన్నారు. అప్పుడే తొలకరి పడింది. నాగళ్లు కాలితే ఆ ఏడాది ఊళ్లకు తిండి ఉండదు.

డప్పు కొట్టి చాటితే తప్ప ఆ రాజ్యంలో ఏ ఆజ్ఞా చెల్లదు. అందుకని దండోరా వేసే పోతులయ్యను పిలిపించారు. సంగతి విని అతను డప్పు తీసి స్వామివారి ముందు పెట్టాడు.

"ఇదీ పనిముట్టే కదా సామీ. ముందు దీన్ని కాల్చండి."

"మరి ఊళ్లకు చాటేదెలారా?" అన్నారు రాజుగారు.

"డప్పు లేని కాలంలో పెద్దలే ఊరూరా నడిచి చెప్పేవారట దొరా. సామివారు చెబితే జనం ఇంకా బాగా వింటారు. పల్లకీ, పాదుకలు కూడా ఇక్కడే కాల్చేసి బయల్దేరమనండి."

గుమ్మం బయట మోకాలిలోతు బురద. స్వామివారు దాన్ని చాలాసేపు చూశారు. మనిషి మరీ అంతగా ఏమీ చెడిపోలేదని ఆయనకు అప్పుడే తోచింది.