పొంగు రాని సూది

అనగనగా ఒక గేదెల ఊరు. పేరు పాలవలస. ఆ ఊళ్ళో నూకాలు అని ఓ పిల్ల ఉండేది, అచ్చం నీలాగే ప్రశ్నల పుట్ట. దానికో బుల్లి తమ్ముడు, అప్పలకొండ.

ఒకరోజు నర్సమ్మ సూదిమందుల పెట్టె పట్టుకుని వస్తే ఊరంతా తలుపులు వేసేసుకున్నారు. నూకాలు వాళ్ళమ్మ పైడితల్లి కూడా చంటాణ్ణి కొంగులో దాచేసింది. పక్క ఊళ్ళో చూస్తే పిల్లలకి జ్వరాలు, ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు. తమ్ముడికీ వస్తే ఎలాగని నూకాలుకి ఒకటే బెంగ.

"సూదెందుకొద్దే అమ్మా?"

"పిల్లలకి అదేయిస్తే గేదెలు వట్టిపోతాయంట. ఎదురింటి సన్నాసమ్మత్త సెప్పింది."

వట్టిపోవడమంటే పాలివ్వడం మానేయడం. సూది తమ్ముడికి పొడిస్తే గేదెకి పాలెందుకు ఆగుతాయి? నూకాలుకి ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

అప్పుడు సన్నాసమ్మత్తని అడిగింది.

"నేను పాలు పొంగవన్నానే. పాలు పొంగకపోతే గేది వట్టిపోయినట్టే కదేటి? పాలకేంద్రం గవరయ్య మావ సెప్పాడు."

ఆ తర్వాత గవరయ్య మామని అడిగింది.

"పాలని నేననలేదమ్మా. పొంగు రాదన్నాను. నర్సమ్మే తన నోటితో సెప్పింది, ఈ సూదేయిస్తే పొంగు రాదని."

ఇదేదో వింతగా ఉందే అనుకుంది నూకాలు. పరుగున వెళ్ళి నర్సమ్మని చెయ్యి పట్టుకుని పాలకేంద్రానికి లాక్కొచ్చింది. పాలు పొయ్యడానికి వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు, వాళ్ళలో పైడితల్లీ సన్నాసమ్మత్తా కూడా ఉన్నారు.

"పొంగంటే ఏటి నర్సమ్మా?"

నర్సమ్మ తెల్లబోయింది. "పక్క ఊళ్ళో పిల్లలకి వచ్చిందే, అదే పొంగు. తట్టు అని కూడా అంటారు. మరి మీరేమనుకున్నారు?"

గవరయ్య మామ తల గోక్కున్నాడు. సన్నాసమ్మత్త మాత్రం ఊరుకోలేదు. "సూదేయిస్తే జొరమొస్తాదంట కదా?"

"కొందరికి కాస్త వస్తుందమ్మా, తగ్గిపోతుంది. పొంగు అలా కాదు. ముదిరితే పిల్లలు దక్కకపోవచ్చు."

అప్పుడు నూకాలు, "అమ్మా, మరి నాకు ఏయించారా?" అంది.

"ఏయించాం, మీ అమ్మమ్మోళ్ళూర్లో..." అంటూనే పైడితల్లి ఆగిపోయింది. ఆమె చేతిలో పాలచెంబు తమ గేదె పాలతో నిండుగా ఉంది.

ఆ సాయంత్రం సూది పొడిపించుకున్న తమ్ముడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. పైడితల్లి పాలు పొయ్యి మీద పెట్టి, వాడి మొహమే చూస్తూ కూర్చుంది. ఇంతలో చుయ్యిమంటూ పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. ఇంకో రోజయితే తనని తనే తిట్టుకునేది. ఆ రోజు వీధిలోకి వచ్చి పిలిచింది.

"సన్నాసమ్మత్తా, ఓపాలిలా వచ్చి మా పొయ్యి సూడు."

కథ కంచికి, పాలు ఉట్టికి, కునుకు నీ కంటికి.