పదకొండో మోత

1968 మే నెల 14, మంగళవారం. ఎనిమిది గంటలకే ఎండ మాడ్చడం మొదలుపెట్టింది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. పడమట ఒక్క మబ్బుతునక కనబడి, చూస్తుండగానే కరిగిపోయింది. పత్తికొండ పక్క పల్లెల్లో అదేమీ వింత కాదు. పైనుంచి నీళ్లు రాని చోట కిందికి వెళ్లి తెచ్చుకోవాలి. అందుకే ఆ రోజుల్లో బావులు తవ్వే మేస్త్రికి పురోహితుడికున్నంత మర్యాద ఉండేది. ఒక్కోసారి ముహూర్తం పెట్టే పురోహితుడే ఆయన వీలు కనుక్కుని మరీ పెట్టేవాడు.

చౌడప్ప మేస్త్రి అలాంటివాడు. నలభై ఏళ్లలో నూరు పైచిలుకు బావులు తవ్వించాడు. జట్టులో కూలీలు తొమ్మిది మంది. ఆయన గొంతు పెద్దది కాదు, మాటలూ తక్కువే. ఎవరేమడిగినా తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చునేవాడు. జవాబు సాయంత్రానికో మర్నాటికో ఏదో ఒక పని రూపంలో వచ్చేది. నాలుగక్షరాలు చదువుకున్నవాళ్లకు ఈ పద్ధతి నచ్చదు. అడిగిన వెంటనే జవాబు చెప్పకపోతే పరువు పోయినట్టుంటుంది మనకు.

ఆ పొద్దున అడిగినవాడు ఆయన మేనల్లుడు సుంకన్న. ఇరవై ఏడేళ్లవాడు. మామ దగ్గర పదేళ్లు పని నేర్చాడు, బండను చూసి ఎక్కడ తొలిస్తే విచ్చుకుంటుందో చెప్పగలడు. మామ తరవాత జట్టును నడపాలని అతని ఆశ. దానికి అడ్డం ఒక్కటే: అతని మాట జట్టులో ఎవరి చెవికీ ఎక్కదు.

“నేను గొంతు చించుకున్నా ఒక్కడూ కదలడు మామా. నువ్వు తల ఊపితే లేస్తారు. ఏం చేస్తే నా మాట వింటారు?”

చౌడప్ప ఆకు నోట పెట్టుకున్నాడు. కాసేపటికి, “ఈపొద్దు లెక్క నువ్వు పెట్టు,” అన్నాడు.

ఆ లెక్కేమిటో చెప్పాలి. బావి అడుగున బండ తగిలితే దానికి తూట్లు తొలిచి, పేలుడు మందు కూరి, వత్తులు పెడతారు. ఒకదాని తరవాత ఒకటి పేలేలా వత్తులు చిన్నాపెద్దాగా కోస్తారు. అంటించినవాడు పైకి వచ్చేయగానే అందరూ రాళ్లకుప్ప వెనక నక్కుతారు. మేస్త్రి మాత్రం చెవులు రిక్కించి మోతలు లెక్కపెడతాడు. తూట్లెన్నో మోతలూ అన్ని కావాలి. ఒక్కటి తగ్గినా, లెక్క అనుమానమైనా, మర్నాటి దాకా ఎవరూ బావి దరికి పోరు. పేలని మందు గునపం తగిలేదాకా ఓపిగ్గా కాచుకుని ఉంటుంది. అంతకు నాలుగేళ్ల ముందు వేరే జట్టులో ఇద్దరు అలాగే పోయారు.

ఆ రోజు తూట్లు పదకొండు. సుంకన్నే వత్తులంటించి, మోకు పట్టుకుని పైకి పాకి, కుప్ప వెనక్కి చేరాడు. ఒకటి. రెండు. మూడు. చేను ఆసామి వెంగళరెడ్డి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

“ఏం మేస్త్రీ, ఇంక నీదేనా పెత్తనం? మా బామ్మర్ది బావి కూడా నువ్వే పట్టల్ల.”

పుట్టి బుద్ధెరిగాక సుంకన్నను మేస్త్రీ అని పిలిచినవాడు లేడు. “దానికేం రెడ్డీ, చేద్దాం,” అంటూ అటు తిరిగాడు. ఆ మాట తీపి గొంతు దిగేలోగా మోతలు ఆగిపోయాయి.

తొమ్మిది మందీ లేచి అతని మొహం చూశారు. అట్లా చూడాలనే కదా పదేళ్లుగా కోరుకున్నాడు.

“పదకొండు,” అన్నాడు.

ముందుగా దిగి వదులు రాళ్లు పెళ్లగించేవాడు పుల్లన్న. అతను తలగుడ్డ బిగించి మోకు అందుకున్నాడు. పుల్లన్న భార్య నరసక్క తట్ట సర్దుకుంటూ నవ్వింది. “అదేం గొంతు సుంకన్నా, తాసిల్దారు తీర్పు చెప్పినట్టుంది.”

సుంకన్న మామ వైపు చూశాడు. మామ సున్నపు డబ్బీ మూత తిప్పుతున్నాడు, తలెత్తలేదు. పుల్లన్న ఒక కాలు బావిలోకి పెట్టాడు.

“ఆగు పుల్లన్నా,” అన్నాడు సుంకన్న. “దిగొద్దు. రెడ్డితో మాటల్లో పడి లెక్క తప్పినా. ఎన్ని పేలినాయో నాకు తెలీదు.”

పుల్లన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. అందరూ ఒక్కసారే అందుకున్నారు.

“పదకొండు దాకా రాదా అప్పా నీకు? మా పాప చెప్తుంది గదా.”

“మేస్త్రి అనిపించుకోను ముచ్చట, ఒంట్లు నేర్చుకోను బద్ధకం.”

పని ఒక రోజు వెనకబడిందని వెంగళరెడ్డి గొణుక్కుంటూ వెళ్లాడు, ఆ మాటలు మొదలుపెట్టింది తానే కానట్టు. నరసక్క మాత్రం మొగుడి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. పదిమందిలో ఆమె అట్లా పట్టుకోవడం ఎవరూ చూసి ఎరగరు.

మర్నాడు తెల్లారి సుంకన్నే మొదట దిగాడు. ఒక్కో తూటూ తడిమి చూసి పైకి వచ్చాడు. “అన్నీ పేలినాయి,” అన్నాడు తల దించుకుని. ఉత్త పుణ్యానికి ఒక రోజు పోయింది. మామ పక్కకు వెళ్లి, “నువ్వు విన్నావు కదా?” అనడిగాడు.

“విన్నా. పదకొండే.”

“మరి నిన్న చెప్పలేదేం?”

“నువ్వు చెప్పినావు గదా, తెలీదని.”

అవతల పుల్లన్న మోకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బావి వైపు కాదు, వీళ్ల వైపు చూస్తున్నాడు. “సుంకన్నా, దిగమంటావా?” అన్నాడు. అంతకు ముందు అతను ఆ మాట చౌడప్పను తప్ప ఎవర్నీ అడిగి ఎరగడు.

మూడేళ్లకు రాతిదుమ్ము చౌడప్ప రొమ్మును తినేసింది. నాలుగు మాటలకొకసారి ఊపిరి వెతుక్కునే రోజుల్లో అందర్నీ పిలిపించి ఉన్నది పంచాడు. బండీ ఎద్దులూ కొడుకు ఓబులేసుకు. వెండి మొలతాడు కూతురికి. ఇల్లు భార్యకు. సమ్మెటలు, గునపాలు, మోకులు పుల్లన్నకు. సుంకన్నకు ఏమీ లేదు. జట్టు ఊసే రాలేదు. పనిముట్లు పోయిన దిక్కే జట్టూ పోతుందని లోకరీతి. సుంకన్న గడప దగ్గర నిలబడి కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు.

నరసక్కే అడిగింది. “మేనల్లునికేమీ లేదా మేస్త్రీ? జట్టు ఎవరికిచ్చినావు?”

చౌడప్ప ఊపిరి కూడదీసుకుని తొమ్మిది మందినీ ఒక్కొక్కరినే చూశాడు.

“దిగేది మీరు,” అన్నాడు. “ఎవరి మాట మీద దిగుతారో నన్నడుగుతారేందప్పా?”