సాహెబు భుజం మీది ప్లగ్గు

పెంచలయ్యకు అన్నీ అమిరాయి, గురువుగారి నోటి మాట ఒక్కటి తప్ప.

రంపం మిషను కొని మూడు నెలలైంది. ఇంటి వసారాలో బిగించి, దాని మీద పాత చీర కప్పి ఉంచాడు. భార్య వెంగమ్మ రోజూ పొద్దున్నే ఆ చీర మీది దుమ్ము దులిపేది. దులుపుతూ మొగుడి వంక ఒక చూపు చూసేది. ఆ చూపుకు అర్థం అతనికి తెలియకపోలేదు. కానీ ఏం చేస్తాడు? గౌస్ సాహెబు "ఇంక సొంతంగా చేసుకోవయ్యా" అంటే తప్ప దాన్ని తిప్పడానికి లేదు. కొండ కింద ఆ ఊళ్లో చెక్క గరిటెలు చేసేవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది. గురువు మాట లేకుండా మిషను పెట్టినవాడి సరుకు ఏ వ్యాపారీ ముట్టుకోడు.

గౌస్ సాహెబుకు డెబ్బై దాటాయి. ఇంటి ముందు రేకుల పంచలోనే ఆయన పనంతా. ఒక రంపం మిషను, ఒక డ్రిల్లు, నునుపు పట్టే గ్రైండరు ఒకటి. నలభై ఏళ్లు మిషన్ల మీద పనిచేసి పది వేళ్లూ మిగుల్చుకున్నవాడు ఊళ్లో ఆయనొక్కడే. ఆయన ఈడు పనివాళ్లలో మిగతావాళ్లు టీ గ్లాసు పట్టుకునే తీరే వేరుగా ఉంటుంది.

దీనికి పెంచలయ్య ఒక కారణం కనిపెట్టాడు. సాహెబుది నత్తనడక. అంత నిదానంగా చేసేవాడికి దెబ్బెందుకు తగులుతుంది?

నిజంగానే ఆ నిదానం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పొద్దున్నే వైరును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసుకుంటాడు, ఎక్కడైనా పైతొడుగు చిట్లిందేమోనని. కాళ్లకు రబ్బరు చెప్పులు, వాటి కింద ఎండిన చెక్కపలక. చొక్కా చేతులు మోచేతుల పైకి మడతపెడతాడు. ఇక బ్లేడు మీద చెయ్యి వెయ్యాలంటే అదొక తతంగం. ముందు స్విచ్చు ఆపుతాడు. తర్వాత లేచి గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు ఊడబీకుతాడు. అంతటితో ఊరుకోడు, దాన్ని తెచ్చి తువ్వాలులాగా భుజాన వేసుకుంటాడు. పని అయ్యేదాకా ఆ ప్లగ్గు ఆయన ఛాతీ మీద వేలాడాల్సిందే. వీధిన పోయేవాళ్లు "దాన్నెవరు ఎత్తుకపోతారు సాహెబూ?" అని వేళాకోళం చేస్తే నవ్వేసి ఊరుకుంటాడు.

పెంచలయ్యది చేతివేగం. సాహెబు ఇరవై గరిటెలు చేసేలోపు ముప్ఫై దాటించేవాడు. నునుపులో వంక పెట్టడానికి ఉండేది కాదు. మూడేళ్ల కిందట, వచ్చిన కొత్తలో, ప్లగ్గు విరిగిందని రెండు వైర్లను అగ్గిపుల్లలతో సాకెట్లో దోపితే, సాహెబు స్విచ్చు ఆపి, వైర్లు లాగేసి, ఆ రెండు పుల్లల్లో ఒకదానితో బీడీ ముట్టించుకున్నాడు. రెండోదాన్ని చెవి సందున పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి పెంచలయ్య అలాంటి పని చెయ్యలేదు. ఇంక నేర్చుకోవడానికి ఏం మిగిలిందన్నదే అతనికి అంతుపట్టడం లేదు.

చివరికి ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"సాహెబూ, కోప్పడకుండా చెప్పండి. నా పనిలో లోటేంది?"

సాహెబు ఒక గరిటె కాడను వెలుతురుకు పెట్టి వంకర ఉందేమో చూస్తున్నాడు. "పనిలో లోటేం లేదయ్యా."

"మరి నా మిషనుకు ఇంకెన్నాళ్లు చీర కట్టాల?"

సాహెబు నవ్వి ఇంకో గరిటె అందుకున్నాడు. పెంచలయ్యకు ఉడుకుమోత్తనం వచ్చింది. తన గొప్ప తానే చెప్పుకోక తప్పలేదు.

"రోజూ మీరు మధ్యాన్నం నమాజుకు పొయ్యే టయానికే గదా కరెంటు పొయ్యేది. ఊరంతా విసనకర్రలు పట్టుకోని తిట్టుకుంటా కూసుంటారు. నేను ఒక్క నిమిషం పోనీను. కరెంటు పోంగానే బ్లేడు సందులో పొట్టంతా లాగేసి, మొద్దుబారిందైతే ఊడదీసి పదునుది బిగించేస్తా. కరెంటు వచ్చేతలికి మిషను తయారు. మీకింతవరకూ తెలియను కూడా తెలీదు."

సాహెబు చేతిలోని గరిటె కింద పెట్టాడు.

"ప్లగ్గు తీస్తావా?"

"కరెంటే లేనప్పుడు ప్లగ్గుతో పనేంది సాహెబూ!"

"స్విచ్చు?"

పెంచలయ్య ఫక్కున నవ్వాడు. "భలేవారే. కొండ అవతల సబ్‌స్టేషనోళ్లే ఆపేసినాక, మళ్లా ఇక్కడ నేను ఆపేదేముంది?"

సాహెబు అతని చేతుల వంక చూశాడు.

"రేపు నమాజు ఇంట్లోనే చేసుకుంటాలే" అన్నాడు.

మర్నాడు పన్నెండు దాటాక, పెంచలయ్య ఒక చెక్కను సగం కోసి ఉండగా బ్లేడు మూలిగి ఆగిపోయింది. నెత్తి మీద బల్బు ఆరింది, ఫ్యాను ఆగింది. అలవాటు ప్రకారం అతని చెయ్యి బ్లేడు వైపు సాగింది.

"ఉండు" అన్నాడు సాహెబు. "ఈ పూట నేను చూస్తా."

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు ఊడబీకాడు. ఈసారి భుజాన వేసుకోలేదు. తెచ్చి పెంచలయ్య చేతిలో పెట్టాడు.

"ఇది పట్టుకో. కింద పెట్టబాక."

పెంచలయ్య ఆ ప్లగ్గు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. కూరగాయల బుట్టతో పోతున్న ఆడమనిషి అతన్ని చూసి మూతి తిప్పి నవ్వింది. అతనికి తల కొట్టేసినట్టయింది. సాహెబు మాత్రం తీరుబడిగా సగం కోసిన చెక్కను వెనక్కి లాగి, బ్లేడు మీది మూత ఎత్తి, ఒక్కో పన్నునూ వేలితో తడుముతున్నాడు. పళ్ల సందున ఇరుక్కున్న పొట్టును గోటితో తీస్తున్నాడు. నాలుగు వేళ్లు బ్లేడుకు అవతల, బొటనవేలు ఇవతల. ఈ లెక్కన సాయంత్రమవుతుందని పెంచలయ్య లోలోపల విసుక్కున్నాడు.

అప్పుడు కరెంటు వచ్చింది.

చెప్పి రాలేదు. అది ఎప్పుడు చెప్పి వచ్చింది గనక! బల్బు భగ్గుమని వెలిగింది. ఫ్యాను కదిలింది. పక్కింట్లో ఆపకుండా వదిలేసిన పిండి గ్రైండరు, దగ్గర మనిషన్నవాడు లేకుండానే, గర్రుమని తిరగడం మొదలుపెట్టింది.

సాహెబు తలెత్తలేదు. ఆయన గోరు పక్కనున్న పన్ను దగ్గరికి జరిగింది, అంతే.

పెంచలయ్య కళ్లు మాత్రం మిషను స్విచ్చు మీద పడ్డాయి. అది వేసే ఉంది. కోత మొదలుపెట్టినప్పుడు తను వేసిన స్విచ్చే. దాన్ని ఎవరూ ఆపలేదు. దానికీ ఆ ముసలి వేళ్లకూ నడుమ ఉన్నదల్లా తన గుప్పిట్లోని ఈ ప్లగ్గు ఒక్కటే.

ఎన్ని మధ్యాహ్నాలు! ఎన్నిసార్లు ఆ పళ్ల సందున చెయ్యి పెట్టాడు! ప్రతిసారీ కొండ అవతల ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, తను చెయ్యి తీసేదాకా కరెంటు ఇవ్వకుండా ఉన్నాడు. అంతే జరిగింది. ఇన్నాళ్లూ దాన్నే తన తెలివి అనుకున్నాడు. ముందు భయమేసింది. దాని వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. ప్లగ్గు మీద రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా పట్టుకున్నాడు, అది తనంతట తానే గోడలోకి దూకుతుందేమో అన్నట్టు.

సాహెబు మిగిలిన పళ్లన్నీ చూసి, మూత దించి, నడుం పట్టుకుని లేచాడు.

"ఇంక పెట్టు."

పెంచలయ్య ముందు మిషను దగ్గరికి వెళ్లి స్విచ్చు ఆపాడు. ఆపిందో లేదోనని మళ్లీ ఒకసారి చూశాడు. తర్వాత గోడ వైపు నడిచాడు.

"చేతులు చెమటగా ఉండాయి" అన్నాడు సాహెబు. "తుడుచుకో ముందు."

ఆ రాత్రి అన్నం పెడుతూ వెంగమ్మ అడిగింది. "ఈ పొద్దన్నా కదిలించినావా సాహెబును?"

"అడిగేదానికి నాకే నోరు రాలేదు" అన్నాడు పెంచలయ్య. ఆమె ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

పది రోజులు గడిచాయి. సాహెబు ఎప్పటిలాగే నమాజుకు మసీదుకు వెళ్లొస్తున్నాడు. ఆ రోజు ఆయన తిరిగి వచ్చేసరికి కరెంటు లేదు. పంచలో పెంచలయ్య కాళ్ల కింద చెక్కపలక వేసుకుని, బ్లేడు మీదికి వంగి, పళ్ల సందున గోటితో పొట్టు తీస్తున్నాడు. వీధిలో కూరగాయల మనిషి బుట్ట దించుకుని నిలబడి ఉంది.

"ఏందయ్యా పెంచలయ్యా, సాహెబు జబ్బు నీకూ అంటుకుందే!"

పెంచలయ్య నవ్వాడు. అతని భుజం మీదుగా వైరు దిగి ఉంది. ప్లగ్గు ఛాతీ మీద వేలాడుతోంది.

సాహెబు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆయన అలా చూస్తూ ఉండగానే కరెంటు వచ్చింది. బల్బు వెలిగింది. ఫ్యాను కదిలింది. పక్కింటి గ్రైండరు గర్రుమంది.

పెంచలయ్య తలెత్తలేదు.

సాహెబు తలమీది టోపీ తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"పెంచలా" అన్నాడు. "రేపు ఇక్కడికి రాబాక. ఇంట్లో ఆ చీర తీసెయ్."