నీళ్ళతొట్టి పక్కన రాయి

తూరుపు కొండల నడుమ తునికిలోవ అనే అడవి ఉండేది. ఆ అడవిలో కణుజు దుప్పులు, ఎలుగుబంట్లు, అడవిపందులు, కొండముచ్చులు, కుందేళ్ళు, ఉడుతలు, అలుగులు కలిసిమెలిసి బతికేవి. వాటి పిల్లలన్నిటికీ ఒకటే బడి. ఇప్పచెట్ల తోపులో నాలుగు గుంజలు పాతి, తాటాకు కప్పిన చిన్న పాక అది. పాఠాలు చెప్పేది గోరింక టీచరమ్మ. ఆమె గొంతెత్తి ఎక్కాలు చెబుతుంటే, వాగు అవతల మేసే జింకలకు కూడా అవి కంఠతా వచ్చేసేవి.

బడి పక్కనే కొండ ఊట ఒకటి ఉంది. ఆ నీళ్ళు బొట్టు బొట్టుగా ఒక రాతి తొట్టిలో పడేవి. తొట్టి అంచు బాగా ఎత్తు. అందుకని దాని పక్కన ఒక నల్లరాయి వేసి ఉంచారు. చిన్నపిల్లలు ఆ రాయెక్కి, మూతి ముంచి నీళ్ళు తాగేవారు.

ఆ రాయికి ఇంకో పని కూడా ఉంది. తొలకరి వాన పడిన మర్నాడు బడిపిల్లల తల్లిదండ్రుల సంఘం అక్కడ చేరేది. ఆ ఏడు సంఘానికి పెద్దగా ఉండాలనుకున్నవాళ్ళు ఆ రాయెక్కి, "ఈ పని నేను చేస్తాను" అని తమ నోటితో తామే చెప్పాలి. ఒకరి తరఫున ఇంకొకరు చెప్పడానికి వీల్లేదు. తునికిలోవలో అది తాతల నాటి ఆచారం.

గవ్వ అనే అలుగుపిల్ల ఆ బడిలో చదివేది. దాని తల్లి పేరు నూకరత్నం. అలుగులంటే తెలుసుగా? ఒంటినిండా పొలుసులు, పొడుగాటి తోక, గట్టి గోళ్ళు. భయం వేస్తే చాలు, బంతిలా చుట్టుకుపోతాయి. నూకరత్నానికి భయం కన్నా మొహమాటం ఎక్కువ. నలుగురిలో ఎవరైనా "ఏమ్మా, బాగున్నావా?" అన్నా ముడుచుకుపోయేది.

పని దగ్గర మాత్రం ఆ మొహమాటం ఉండేది కాదు. బడి గుంజలకు ఏటా చెదలు పట్టేవి. నూకరత్నం రోజూ గంట కొట్టకముందే వచ్చి, ఒక్కో గుంజ చుట్టూ తిరిగి, చెదలన్నీ నాలుకతో ఊడ్చేసేది. సేవకు సేవ, ఫలహారానికి ఫలహారం! ఆ తర్వాత తొట్టిలో రాలిన ఆకులు ఏరేసి, నాచు గీకి, నల్లరాయి మీది మట్టి తుడిచేది. ఇవన్నీ చెయ్యమని ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ రాయి తుడుస్తున్నప్పుడల్లా ఆమె మనసు చిన్ననాటికి పోయేది.

తను గవ్వంత ఉన్నప్పుడు సంఘానికి పెద్ద ఎలుగుబంటి బంగారయ్య తాత. ఆయన దగ్గరికి వెళితే ఇప్పపూల వాసన, తేనె వాసన కలిసి గుప్పుమనేవి. పిల్లలు నీళ్ళకు వచ్చే వేళకు తాత ఆ రాయి పక్కన నేల మీద చతికిలబడేవాడు. జారిపోయేవాళ్ళకు చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఒకరోజు తాత చెయ్యి అందేలోపే నూకరత్నం కాలు జారి దభీమని పడింది. పిల్లలు ఫక్కున నవ్వారు. ఇంకేముంది, బంతిలా చుట్టుకుపోయింది. గంట మోగింది. పిల్లలంతా పాకలోకి పరుగెత్తారు. తాత మాత్రం కదల్లేదు.

"తొందరేం లేదు తల్లీ. నువ్వు విచ్చుకునేదాకా నేనిక్కడే ఉంటాను," అన్నాడు.

చాలాసేపటికి నూకరత్నం ముక్కు బయటపెట్టింది. "తాతా, ఈ రాయి నీదటగా? సంఘం పెద్ద ఎక్కే రాయిని మేం తొక్కితే తప్పు కాదా?" అని అడిగింది.

తాత పొట్ట ఊగేలా నవ్వాడు. "నేను ఏడాదికి ఒక్కరోజు ఎక్కుతాను. మీరు ఏడాదంతా ఎక్కుతారు. ఇప్పుడు నువ్వే చెప్పు, రాయి ఎవరిది?"

బంగారయ్య తాత పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఆ రాయి మీద చెయ్యి వేస్తే ఆ నవ్వు మళ్ళీ వినబడినట్టే ఉండేది. ఆ రోజులు ఎంత బాగుండేవో అనిపించి కళ్ళు చెమర్చేవి. గవ్వ ఎప్పుడు భయపడి ముడుచుకున్నా, నూకరత్నం పక్కన కూర్చుని తాత చెప్పిన మాటే చెప్పేది. "తొందరేం లేదు తల్లీ. నువ్వు విచ్చుకునేదాకా నేనిక్కడే ఉంటాను."

ఆ ఏడు తొలకరి పడింది. అప్పటిదాకా సంఘం పెద్దగా ఉన్న కొండముచ్చు, తన పిల్లల చదువు పూర్తయిందని తప్పుకుంది. మర్నాడు అందరూ తొట్టి దగ్గర చేరారు. పక్కనే ఉన్న ఉడుత పైడమ్మ నూకరత్నాన్ని పొడిచింది.

"వదినా, నువ్వు లే. ఈ పాక ఇంకా నిలబడి ఉందంటే నీ చలవే."

"అమ్మో, నా వల్ల కాదు. పెద్దరికం చెయ్యడానికి పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. నా పని నేను ఎలాగూ చేస్తూనే ఉంటానుగా," అంటూ నూకరత్నం చుట్టుకుపోయింది.

అప్పుడు గిట్టలు టకటకలాడించుకుంటూ కణుజు భూపాలం లేచాడు. అతని కొమ్ములు అడవిలో అందరికన్నా పెద్దవి. ఆ సంగతి అందరికన్నా బాగా అతనికే తెలుసు. అతను ఏనాడూ బడికి ఒక తాటాకు ముక్క తెచ్చిన పాపాన పోలేదు. రాయెక్కడానికి మాత్రం క్షణం ఆలస్యం చెయ్యలేదు.

"ఈ పని నేను చేస్తాను! బడికి అడవితీగలతో స్వాగత ద్వారం కట్టిస్తాను. మన బడి పేరు ఏడు అడవుల్లో మారుమోగాలి!" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. రాయెక్కడానికి ఇంకెవరూ రాలేదు. కనుక భూపాలమే పెద్ద అయ్యాడు. నూకరత్నం మెల్లగా విచ్చుకుని, తను కూడా రెండు చప్పట్లు కొట్టింది.

నాలుగు రోజుల్లో స్వాగత ద్వారం తయారైంది. ఐదో రోజు భూపాలం కన్ను నల్లరాయి మీద పడింది.

"సంఘం పెద్ద నిలబడే రాయిని పిల్లలు బురదకాళ్ళతో తొక్కడమా? ఎంత అప్రదిష్ట!" అన్నాడు. అడవిపందుల చేత దాన్ని దొర్లించి, స్వాగత ద్వారం లోపల పెట్టించాడు. చుట్టూ పూలమొక్కలు నాటించాడు. రోజూ దాని మీద నిలబడి కొమ్ములు నిక్కించేవాడు.

నూకరత్నానికి ప్రాణం చివుక్కుమంది. ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళింది. "భూపాలంగారూ, ఆ రాయి..." అంది.

"ఏమిటమ్మా?" అంటూ అతను కొమ్ములు ఇటు తిప్పాడు. ఆమె అక్కడికక్కడే చుట్టుకుపోయింది. అతను పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు.

వానాకాలంలో అడుగడుగునా నీటిగుంటలే కాబట్టి ఇబ్బంది తెలియలేదు. చలికాలం కూడా ఎలాగో గడిచింది. తర్వాత ఎండలు ముదిరాయి. ఒంటిపూట బడి మొదలైంది. ఇప్పపూలు టపటపా రాలుతున్నాయి. గుంటలన్నీ ఎండిపోయి, తొట్టి ఒక్కటే దిక్కయింది. భూపాలం కొడుకు పొడుగుకాళ్ళ వాడు. నిలబడినచోటు నుంచే మెడ వంచి తాగేవాడు. అందుకే భూపాలానికి ఏ లోటూ కనిపించలేదు. కుందేలు పిల్లలు, గవ్వ, ఇంకా చిన్నవాళ్ళు మాత్రం ఎగిరెగిరి అలిసిపోయేవారు.

నూకరత్నం ఇంకో రాయి తెచ్చి వేసింది. అది గుండ్రటిది. ఎక్కితే దొర్లిపోయేది. చివరికి తనే తొట్టి పక్కన వంగి నిలబడింది.

"రండి, నా వీపెక్కి తాగండి."

పిల్లలు ఎక్కారు. "అత్తా, నీ వీపు గరుకు!" అని నవ్వారు. నిజం చెప్పాలంటే నూకరత్నానికి ఆ రోజులు హాయిగానే ఉండేవి. పిల్లల కాళ్ళు వీపు మీద టకటకలాడుతుంటే, బంగారయ్య తాత కూర్చున్న చోటు తనకు దొరికినట్టు ఉండేది.

గోరింక టీచరమ్మ మాత్రం ఊరుకోలేదు. "నువ్వు ఎన్నాళ్ళని రాయిలా నిలబడతావు? ఉన్న రాయిని తెప్పించమని అందరి ముందూ అడగరాదా?" అంది.

"నేనున్నానుగా టీచరమ్మా. ఎవరితోనూ గొడవెందుకు?" అంది నూకరత్నం.

ఒకరోజు నూకరత్నం కాలిలో తుమ్మముల్లు విరిగింది. కాలు ఇంత లావున వాచింది. కుంటుకుంటూ బడికి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. అప్పటికే పిల్లలను నీళ్ళకు వదిలారు. తొట్టి దగ్గర ఎక్కించేవాళ్ళు లేరు. దాహం ఆగక చిన్నపిల్లలంతా వాగు వైపు వెళ్ళారు.

వాగు ఎండిపోయి, నడిమధ్యలో కాసిని నీళ్ళు మిగిలాయి. వాటి చుట్టూ ఊబి. "నేను ముందు వెళ్ళి చూస్తాను, మీరు ఆగండి," అని గవ్వ అడుగు వేసింది. నాలుగు అడుగులు వేసేసరికి కాళ్ళు దిగబడ్డాయి. భయంతో అది బంతిలా చుట్టుకుపోయింది. ఆ బంతి మెల్లగా బురదలోకి దిగిపోసాగింది.

పిల్లల ఏడుపు బడిదాకా వినబడింది. నల్లరాయి మీద నిలబడి ఉన్న భూపాలం ఒక్క దూకు దూకాడు. దూకింది స్వాగత ద్వారంలోకి. కొమ్ములు తీగల్లో చిక్కుకున్నాయి. లాగినకొద్దీ బిగుసుకున్నాయి. పాపం, తను కట్టించిన ద్వారానికే వేలాడుతూ "కాపాడండి, కాపాడండి!" అని అరిచాడు.

నూకరత్నం వాచిన కాలితోనే వాగుకు పరుగెత్తింది. గట్టు మీద ఒక చెట్టు వేరును గోళ్ళతో ఒడిసిపట్టింది. తన పొడుగాటి తోకను ఊబిలోకి చాచింది.

"గవ్వా, తోక పట్టుకో!"

గవ్వ విచ్చుకోలేదు. ఎప్పుడూ చెప్పే మాట నూకరత్నం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు ఆ మాటకు వేళ లేదు.

"విచ్చుకో తల్లీ! ముడుచుకుంటే మునిగిపోతావు! భయంగా ఉన్నా సరే, ఒక్క చెయ్యి చాచు!"

బురదలోంచి ఒక చిన్న చెయ్యి బయటికి వచ్చింది. తర్వాత రెండోది. గవ్వ తల్లి తోకను పట్టుకుంది. నూకరత్నం శక్తినంతా కూడగట్టి లాగింది. బిడ్డ గట్టు మీదికి చేరింది. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు కరుచుకుని చాలాసేపు ఏడ్చారు.

ఈలోపు కబురు అందుకుని తల్లిదండ్రులంతా బడి దగ్గరికి వచ్చారు. భూపాలం ఎలాగో బయటపడ్డాడు గానీ, ఒక కొమ్ము విరిగి ద్వారంలోనే ఉండిపోయింది. ఆ అవమానం అతను కోపంతో కప్పుకున్నాడు.

"పిల్లలకు బొత్తిగా భయం లేకుండా పోయింది! ఇక నుంచి వాగు వైపు వెళ్ళినవాళ్ళ పేరు బడి నుంచి కొట్టేస్తాం!" అన్నాడు.

"పిల్లల తప్పు లేదు," అని ఒక గొంతు వినబడింది. అందరూ తిరిగి చూశారు. నూకరత్నం! ఒళ్ళంతా బురద. "ఆ రాయి తొట్టి దగ్గర ఉంటే వాళ్ళు వాగుకు వెళ్ళేవాళ్ళే కారు. రాయిని మళ్ళీ అక్కడ పెట్టించండి," అంది.

"ఏ రాయి ఎక్కడ ఉండాలో చెప్పేది సంఘం పెద్ద. నువ్వు కాదుగా!" అన్నాడు భూపాలం.

నూకరత్నం కుంటుకుంటూ వెళ్ళి నల్లరాయి ఎక్కింది. ఎదురుగా అన్ని కళ్ళూ తనవైపే చూస్తున్నాయి. ఆమె తల లోపలికి పోయింది. వీపు వంగింది. బంతిలా చుట్టుకుపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు గవ్వ వచ్చి రాయి పక్కన నేల మీద కూర్చుంది.

"తొందరేం లేదమ్మా. నువ్వు విచ్చుకునేదాకా నేనిక్కడే ఉంటాను."

ఆ మాట వినగానే బంగారయ్య తాత కాలంలో చదువుకున్నవాళ్ళు చాలామంది తలలు దించుకున్నారు. చిన్నప్పుడు తాత వాళ్ళకూ ఏదో ఒకనాడు చెయ్యి అందించినవాడే.

పొలుసులు ఒక్కొక్కటే కదిలాయి. నూకరత్నం తల బయటపెట్టింది.

"నా బిడ్డను విచ్చుకో అని అరిచాను. నేను మాత్రం ఏడాదంతా ముడుచుకునే ఉన్నాను. ఈ రాయి గురించి నాకు తెలిసి కూడా నోరు విప్పలేదు. ఆ తప్పు నాది. ఇప్పుడు అడుగుతున్నాను. ఈ పని నాకివ్వండి. నేను చేస్తాను," అంది.

"తొలకరికి ఇంకా నెలన్నర ఉందిగా?" అని ఒక అడవిపంది గొణిగింది.

"పిల్లల దాహం తొలకరిదాకా ఆగుతుందా బావా?" అని అడిగింది ఉడుత పైడమ్మ.

ముందు టీచరమ్మ రెక్కలు టపటపలాడించింది. తర్వాత తోపంతా చప్పట్లతో నిండిపోయింది. భూపాలం కాసేపు బిగుసుకుని నిలబడ్డాడు. వాగు గట్టున వణుకుతూ నిలబడిన పిల్లల్లో తన కొడుకు నేస్తాలు కూడా ఉన్నారని అతనికి అప్పుడు తట్టింది. నూకరత్నం దిగాక అతను మెల్లగా వంగి, నల్లరాయిని నుదుటితో నెట్టుకుంటూ తొట్టిదాకా తనే తీసుకెళ్ళాడు. ఒంటికొమ్ము తలతో నెట్టడం అంత తేలిక కాదు. దారంతా పిల్లలు నవ్వుతూనే ఉన్నారు.

ఆ తొలకరికీ, ఆ తర్వాత ఎన్నో తొలకరులకూ నూకరత్నమే ఆ రాయెక్కి "నేను చేస్తాను" అంది. ఎక్కిన ప్రతిసారీ కాళ్ళు వణికేవి. అయినా ఎక్కేది. గవ్వ చదువు పూర్తయ్యాక కూడా, నువ్వే ఉండాలని అందరూ పట్టుబట్టారు.

మళ్ళీ ఇప్పపూల కాలం వచ్చింది. ఎండ పొద్దు. నూకరత్నం తొట్టి పక్కన నేల మీద చతికిలబడి ఉంది. రాలిన పూలు ఆమె పొలుసుల సందుల్లో చిక్కుకుని గుప్పుమంటున్నాయి. బడిలో కొత్తగా చేరిన కుందేలు పిల్ల ఒకటి రాయి దగ్గర తటపటాయిస్తూ నిలబడింది.

"అమ్మమ్మా, ఈ రాయి నీదటగా? నేను తొక్కితే తప్పు కాదా?"

నూకరత్నం ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత పొట్ట ఊగేలా నవ్వి, ఆ పిల్లకు చెయ్యి అందించింది.

"నేను ఏడాదికి ఒక్కరోజు ఎక్కుతాను తల్లీ..."

నీతి: పని తెలిసినవారు మొహమాటంతో వెనక ఉండిపోతే, పెద్దరికం పని తెలియనివారి చేతికి పోతుంది. నలుగురి మేలు కోరేవారు సేవ చెయ్యడంతో ఆగకుండా, బాధ్యతను కూడా నోరు తెరిచి అడగాలి.